ఎంఎస్ అయ్యాక వాస్కులర్ సర్జన్ అవ్వాలంటే: సీటు దగ్గర్నుంచి ఫెలోషిప్ దాకా

ఇది రక్తనాళాల సర్జరీ (వాస్కులర్) వైపు పోదామనుకునే ఎంఎస్ జనరల్ సర్జరీ సెకండియర్, ఫైనలియర్‌లో ఉన్నవాళ్ల కోసం రాస్తున్నా, డీఎన్‌బీ (నేషనల్ బోర్డు డిగ్రీ) వాళ్లకీ అంతే. డ్యూటీ రూమ్‌లో "అన్నా, వాస్కులర్ తీసుకోవచ్చా, స్కోప్ ఉందా" అని అడిగే జూనియర్లకి ముక్కలు ముక్కలుగా చెప్పేదంతా ఒకచోట పెడుతున్నా. స్కోప్ సంగతి ముందే తేల్చేద్దాం: మన దగ్గర షుగర్ ఎంతమందికి ఉందో, డయాలసిస్ సెంటర్లు ఎలా పెరుగుతున్నాయో మీ వార్డులో మీరే చూస్తున్నారు, పేషెంట్లకి కొదవ లేదు. తలకాయ నొప్పంతా ట్రైనింగ్ దగ్గరే. మూడేళ్లు అయ్యేసరికి కత్తి (కోసి చేసే ఓపెన్ ఆపరేషన్), వైరు (రక్తనాళం లోపల్నుంచే చేసే ఎండోవాస్కులర్ పని) రెండూ మీ చేతికి రావాలి. ఒక్కటే వస్తే సగం డాక్టరే, ఈ మాట కొంచెం కటువుగా ఉన్నా సరే.

ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే, కాలికి రక్తం అందక పుండ్లు పడి వేళ్లు నల్లబడుతున్న పేషెంట్లలో ముందు బైపాస్ (మూసుకుపోయిన చోటు దాటించి కొత్త దారి కుట్టడం) చెయ్యాలా, బెలూన్ వెయ్యాలా అని రెండు పెద్ద ట్రయల్స్ జరిగాయి. 2022లో వచ్చిన బెస్ట్ సీఎల్ఐలో 1830 మంది పేషెంట్లు, అందులో కాలిలోని సఫీనస్ వెయిన్ (బైపాస్‌కి వాడే సిర) బాగున్నవాళ్లకి బైపాస్ చేస్తే కాలికి పెద్ద సమస్య రావడం గానీ చనిపోవడం గానీ 42.6 శాతం, ఎండోవాస్కులర్ చేస్తే 57.4 శాతం. సరే బైపాసే గెలిచింది అనుకునేలోపు 2023లో బాసిల్ 2 వచ్చింది, 345 మంది, మోకాలి కింద రోగం ఉన్నవాళ్లు, అందులో కాలు పోవడం లేదా మనిషి పోవడం వెయిన్ బైపాస్ ముందు చేసినవాళ్లలో 63 శాతం, ఎండో ముందు చేసినవాళ్లలో 53 శాతం. అంటే పేషెంట్‌ని బట్టి, వెయిన్‌ని బట్టి, రోగం ఎక్కడుందో దాన్ని బట్టి రెండిట్లో ఒకటి ఎంచుకోవాలి, రెండూ చెయ్యడం వచ్చినవాడే నిజాయితీగా ఎంచుకోగలడు. ఒక్కటే వచ్చినవాడికి ప్రతి కాలూ ఆ ఒక్కదానికే సరిపోయినట్టు కనిపిస్తుంది.

మొదటి పని: ఎంఎస్‌లో ఉండగానే ఈ పని మీకు పడుతుందో లేదో చూస్కోండి

యూట్యూబ్‌లో అయోర్టిక్ అన్యూరిజం (గుండె నుంచి వచ్చే పెద్ద ఆర్టరీ ఉబ్బడం) వీడియోలు చూసి ఈ బ్రాంచి తీసుకుంటే మొదటి నెలలోనే నీరసం వచ్చేస్తుంది. మన దగ్గర రోజువారీ పని వేరే ఉంటుంది. షుగర్ కాళ్లు, డయాలసిస్ ఫిస్టులాలు (డయాలసిస్ కోసం చేతిలో ఆర్టరీని వెయిన్‌కి కలిపి కుట్టినవి), బీడీలు తాగి తాగి ముప్పై అయిదేళ్లకే వేళ్లు నల్లబడ్డ బర్జర్స్ పేషెంట్లు, వేరికోస్ వెయిన్స్, బైక్ యాక్సిడెంట్‌లో మోకాలు తప్పి దాని వెనక ఉండే పాప్లిటియల్ ఆర్టరీ తెగినవాళ్లు, గుండెలోంచి గడ్డ కొట్టుకొచ్చి రాత్రి రెండింటికి కాలు చల్లబడ్డవాళ్లు. మోకాలి యాక్సిడెంట్ గానీ గడ్డ గానీ వస్తే ఆరు గంటల లెక్క (అంతలోపు కాలికి రక్తం పారించాలి) మొదలైపోయినట్టే, మీరు నిద్రలో ఉన్నారా, పెళ్లిలో ఉన్నారా అని ఎవరూ చూడరు. ఇంట్లోవాళ్లకి కూడా ఇది ముందే చెప్పుకోవడం మంచిది.

కాబట్టి ఎంఎస్‌లో ఉండగానే ఒక అలవాటు చేసుకోండి. వార్డులో షుగర్ ఉన్న ప్రతి పేషెంట్‌కీ, హెర్నియాకి అడ్మిట్ అయినా సరే, రెండు పాదాల పల్స్ చూడండి, డోర్సాలిస్ పెడిస్, పోస్టీరియర్ టిబియల్ రెండూ. చాలామంది కేస్‌షీట్‌లో "పెరిఫెరల్ పల్సెస్ ఫెల్ట్" అని చెయ్యి పెట్టకుండానే రాసేస్తారు, మీరు ఆ బ్యాచ్‌లో చేరకండి. తర్వాత హ్యాండ్‌హెల్డ్ డాప్లర్ (రక్తం పారే సౌండ్ వినిపించే చిన్న మెషిన్) పట్టుకోండి. మీ డిపార్ట్‌మెంట్‌లో లేకపోతే గైనిక్‌లో బేబీ హార్ట్ వినేది ఉంటుంది గానీ దాని ప్రోబ్ లోతుకి పనికొచ్చేది, పాదానికి 8 మెగాహెర్ట్జ్ ప్రోబ్ కావాలి.

ఏబీఐ (చీలమండ బీపీని చేతి బీపీతో పోల్చే లెక్క) ఎలా తియ్యాలో ఇక్కడే చెప్పేస్తా, మళ్లీ ఎవరూ నేర్పరు, సిస్టర్‌కి చెప్పి వెళ్లిపోతారు. పేషెంట్‌ని వెల్లకిలా అయిదు పది నిమిషాలు పడుకోబెట్టండి, నడిచొచ్చిన వెంటనే తియ్యొద్దు. రెండు చేతులకీ బీపీ కఫ్ కట్టి స్టెత్ కాకుండా డాప్లర్‌తోనే సిస్టాలిక్ తీస్కోండి, రెండిట్లో ఏది ఎక్కువో అది నోట్ చేస్కోండి. తర్వాత కఫ్ చీలమండ పైన కట్టి, జెల్ బాగా వేసి, ప్రోబ్‌ని చర్మానికి ఏటవాలుగా ఆర్టరీ మీద ఆనించండి, నొక్కేస్తే సౌండే పోతుంది. సౌండ్ పోయేదాకా గాలి కొట్టి మెల్లగా వదులుతూ మళ్లీ సౌండ్ వచ్చిన నంబర్ రాస్కోండి, రెండు ఆర్టరీలకీ. కాలి దాంట్లో ఎక్కువది పైన, చేతి దాంట్లో ఎక్కువది కింద, అంతే భాగహారం. 0.9 లేదా అంతకన్నా తక్కువుంటే రోగం ఉన్నట్టే. 1.4 దాటితే సంబరపడకండి, షుగర్, కిడ్నీ పేషెంట్లలో ఆర్టరీ గోడ సున్నం పట్టి గట్టిపడిపోయి కఫ్‌కి నొక్కుకోదు, నంబర్ అబద్ధం చెప్తుంది, అప్పుడు బొటనవేలి ప్రెషర్ తియ్యాలి, అది 30 కన్నా తక్కువుంటే పుండు మానడం కష్టం. రెండు మూడు నెలలు ఇలా చేశాక కూడా విసుగు రాకపోతే, పైగా "ఈ కాలు ఎందుకు ఇలా ఉంది" అని తిరిగి తిరిగి ఆ బెడ్ దగ్గరికే పోతుంటే, మీకు ఈ బ్రాంచి పడుతుంది.

రెండో పని: పరీక్ష

ఇక్కడ ఎక్కువ చెప్పను, కోచింగ్ వాళ్లు చెప్పేదే చాలా ఉంది. రెండు దార్లు. ఒకటి ఎన్‌బీఈఎంఎస్ (నేషనల్ బోర్డు) పెట్టే నీట్ ఎస్ఎస్ (సూపర్ స్పెషాలిటీ ఎంట్రన్స్), దీంతోనే ఎంసీహెచ్ సీట్లు (యూనివర్సిటీ సూపర్ స్పెషాలిటీ డిగ్రీ), డీఆర్‌ఎన్‌బీ సీట్లు (నేషనల్ బోర్డు ఇచ్చేది) రెండూ కేంద్రం పెట్టే ఎంసీసీ కౌన్సెలింగ్‌లో వస్తాయి. సర్జికల్ గ్రూప్ పేపర్ రాయాలి, 150 ప్రశ్నలు, 600 మార్కులు, తప్పుకి ఒక మార్కు కట్. ప్రశ్నలు జనరల్ సర్జరీ మొత్తం నుంచి వస్తాయి కాబట్టి "నాకు వాస్కులర్ కావాలి, ఆ చాప్టర్లు దంచేస్తా" అంటే కుదరదు, బ్రెస్ట్, థైరాయిడ్, హెర్నియా, ట్రామా అన్నీ చదవాల్సిందే. రెండోది ఐఎన్ఐ ఎస్ఎస్ (ఎయిమ్స్ లాంటి జాతీయ సంస్థల సీట్లకి), ఎయిమ్స్ ఏడాదికి రెండుసార్లు పెడుతుంది, అందులో వాస్కులర్ సీట్లు ఏ సెషన్‌కి ఎక్కడ ఉన్నాయో ప్రాస్పెక్టస్‌లో చూసుకున్నాకే ఫీజు కట్టండి.

సర్జరీ గ్రూప్‌లో మంచి ర్యాంకుల వాళ్లు చాలావరకు యూరాలజీ, సర్జికల్ గ్యాస్ట్రో, ప్లాస్టిక్, ఆంకో వైపు పోతారు. అందుకని వాస్కులర్ సీటు కాస్త కింద ర్యాంకుకి కూడా అందొచ్చు, అది వరమే గానీ అదే ఉచ్చు కూడా. "ఏదో ఒక ఎంసీహెచ్" అని లాస్ట్ రౌండ్‌లో వాస్కులర్ తీసుకుని ఏడాది తిరక్కుండానే వదిలేసినవాళ్లని చూశా. సీటు వదిలేస్తే డిపాజిట్ పోతుంది, కొన్నిచోట్ల బాండ్ డబ్బులు లక్షల్లో కట్టాలి, మళ్లీ పరీక్ష రాయడానికి కూడా రూల్స్ అడ్డొస్తాయి. ఆ ఏడాది ఇన్ఫర్మేషన్ బులెటిన్, ఆ కాలేజీ బాండ్ పేపరు, రెండూ కూర్చుని మొత్తం చదివాకే చాయిస్ లాక్ చెయ్యండి.

మూడో పని, అసలైంది: ఏ సీటు

హైదరాబాద్‌లో పంజగుట్ట నిమ్స్‌లో వాస్కులర్ ఎంసీహెచ్ ఉంది, మనవాళ్లకి భాష, పేషెంట్ లోడ్, ఆరోగ్యశ్రీ కేసులు అన్నీ కలిసొచ్చే చోటు. చెన్నైలో మద్రాస్ మెడికల్ కాలేజీ, తిరువనంతపురంలో శ్రీచిత్ర, బెంగళూరులో జివాస్, ఢిల్లీలో గంగారాం, ఇవి ఈ ఫీల్డులో అందరికీ తెలిసిన పేర్లు. కార్పొరేట్ ఆస్పత్రుల్లో డీఆర్‌ఎన్‌బీ సీట్లు ఇంకా ఉన్నాయి. ఎంసీహెచ్ గొప్పా, డీఆర్‌ఎన్‌బీ గొప్పా అనే వాదన టైమ్ వేస్ట్. రెండూ మూడేళ్లే. మంచి డీఆర్‌ఎన్‌బీ సీటు ముందు నీరసంగా నడిచే ఎంసీహెచ్ డిపార్ట్‌మెంట్ ఎందుకూ పనికిరాదు, తిప్పి చెప్పినా అంతే నిజం.

చాయిస్ పెట్టే ముందు ఆ డిపార్ట్‌మెంట్‌లో ఇప్పుడు సెకండియర్‌లో ఉన్న రెసిడెంట్‌కి ఫోన్ చెయ్యండి. ఫస్టియర్‌కి ఇంకా తెలియదు, ఫైనలియర్ వాడు బయటపడే హడావిడిలో అంతా బాగుందనే చెప్తాడు. "అన్నా ఎలా ఉంది అక్కడ" అని అడిగితే "బానే ఉంది బ్రో" అంటాడు, దాంతో మీకేం తెలియదు. ఇలా అడగండి:

పోయిన నెలలో నువ్వు ఫస్ట్ సర్జన్‌గా ఎన్ని చేశావ్, ఏమేం చేశావ్?

యాంజియోప్లాస్టీలు ఎవరు చేస్తారు, మనవాళ్లా, రేడియాలజీనా, కార్డియాలజీనా? (ఈ ఒక్క ప్రశ్నకి జవాబుతోనే సగం తేలిపోతుంది. క్యాథ్‌ల్యాబ్ వేరే డిపార్ట్‌మెంట్ చేతిలో ఉండి వారానికి ఒక పూట మనకి దానం చేస్తున్నట్టయితే వైరు పని మీకు రాదు.)

డూప్లెక్స్ స్కాన్ (రక్తనాళాల అల్ట్రాసౌండ్) మనమే చేస్తామా, రేడియాలజీకి పంపుతామా?

ట్రామా మీ క్యాజువాల్టీకి వస్తుందా? అయోర్టా ఓపెన్ చేస్తారా, ఏడాదికి ఏ మాత్రం?

మీ కన్సల్టెంట్ల ప్రైవేట్ పేషెంట్లే ఎక్కువా, ఫ్రీ వార్డు ఉందా? కార్పొరేట్‌లో ఈ బాధ ఉంటుంది, డబ్బు కట్టిన పేషెంట్ పెద్ద డాక్టరే చెయ్యాలంటాడు, న్యాయమే, కానీ మీరు మూడేళ్లు రిట్రాక్టర్ పట్టుకుంటారు.

పోలిక కోసం ఒక లెక్క చెప్తా, అమెరికాలో జనరల్ సర్జరీ అయ్యాక రెండేళ్ల వాస్కులర్ ఫెలోషిప్ చేసేవాళ్లకి కనీసం 250 మేజర్ వాస్కులర్ కేసులు ఉండాలి. మన దగ్గర అలా గట్టిగా లెక్క అడిగేవాళ్లు ఉన్నా లేకపోయినా మీరు మాత్రం ఆ నంబర్ గుర్తుపెట్టుకుని, మీరు పోదామనుకునే చోట మూడేళ్లలో అందులో ఎంత వరకు వస్తుందో అంచనా వేస్కోండి.

నాలుగో పని: ఫస్టియర్‌లో అల్ట్రాసౌండ్ ప్రోబ్, సూది

సీటు వచ్చేసింది, చేరిపోయారు. మొదటి ఆరు నెలలు ఎవరూ మిమ్మల్ని టేబుల్ మీద పెద్దగా ముట్టుకోనివ్వరు, ఆ టైమ్‌లో డూప్లెక్స్ నేర్చేసుకోండి. స్కాన్ రూమ్‌లో టెక్నీషియన్ ఉంటే ఆయనే మీ మొదటి గురువు, టీ ఇప్పించి మరీ కూర్చోండి. బీమ్‌కీ రక్తం పారే దిక్కుకీ మధ్య కోణం 60 డిగ్రీలు దాటనివ్వొద్దు, దాటితే వెలాసిటీ ఎక్కువ చూపిస్తుంది, లేని రోగాన్ని చూపిస్తుంది. సన్నబడ్డ చోట పీక్ వెలాసిటీ దాని పైన ఉన్న మామూలు చోట కన్నా రెండింతలుంటే సగానికి పైనే మూసుకుపోయినట్టు లెక్క. ఫిస్టులా చేసే ముందు వెయిన్, ఆర్టరీ కొలతలు మీరే తియ్యండి, చేతి మీద స్కెచ్ పెన్నుతో గీసుకోండి, ఆపరేషన్ అయ్యాక ఆరు వారాలకి మళ్లీ మీరే స్కాన్ చెయ్యండి: ఫ్లో నిమిషానికి 600 మిల్లీలీటర్లు, వెడల్పు 6 మిల్లీమీటర్లు, చర్మం కింద లోతు 6 మిల్లీమీటర్ల లోపు. మీరు కొలిచింది, మీ సార్ కుట్టింది, ఆరు వారాలకి అది పెరిగిందా ఎండిపోయిందా, ఈ మూడూ కలిపి చూసినప్పుడే ఎక్కడ చెయ్యాలో తెలివి వస్తుంది.

ఇక కుట్టు. ఆర్టరీకి కుట్టు వేసేటప్పుడు సూది లోపలి నుంచి బయటకి రావాలి, ముఖ్యంగా ప్లాక్ (లోపల పేరుకున్న కొవ్వు, సున్నం) ఉన్న ఆర్టరీకి. బయటి నుంచి లోపలికి పొడిస్తే లోపలి పొర ఊడి లేచి, రక్తం దాని కిందికి దూరి, సాయంత్రానికి బైపాస్ మూసుకుపోతుంది. ఇది ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది, అయినా చేతికి రావాలంటే సాధన కావాలి. దానికి ఖరీదైన సిమ్యులేటర్ అక్కర్లేదు. మటన్ షాపాయనకి ముందురోజే చెప్పి పెడితే గుండె, ఊపిరితిత్తులతో పాటు తెల్లటి గొట్టం కొయ్యకుండా ఇస్తాడు, అదే మేక అయోర్టా. ఇంటికి తెచ్చి కడిగి, చుట్టూ కొవ్వు తీసేసి, తడిగుడ్డలో ఉంచుకోండి, ఎండిపోతే అట్టలా అయిపోయి కుట్టు తేడా చేస్తుంది. ఓటీలో డేట్ అయిపోయిన సన్న ప్రోలీన్ దారాలు 5-0, 6-0 దాచిపెట్టుకోండి, మిగిలిపోయిన పీటీఎఫ్‌ఈ గ్రాఫ్ట్ (కృత్రిమ రక్తనాళం) ముక్కలు కూడా. ఆర్టరీని పొడుగ్గా కోసి, గ్రాఫ్ట్‌ని ఏటవాలుగా కత్తిరించి, మడమ (ఏటవాలు కోత వెనక కొన) దగ్గర పారాచూట్ పద్ధతిలో నాలుగైదు కుట్లు వదులుగా వేసి, దారం మెల్లగా లాగుతూ కిందికి దించండి. బొటనవేలి వైపు మూల (కోత ముందు కొన) దగ్గరే అందరూ దెబ్బతింటారు, అక్కడ కుట్లు దగ్గరదగ్గరగా పడాలి, ఒక్కటి ఎక్కువ లోపలికి పట్టినా నోరు ఇరుకైపోతుంది. అయ్యాక ఒక చివర మూసి ఇంకో చివర నుంచి సిరంజితో నీళ్లు కొట్టి చూడండి, ఎక్కడ కారుతుందో అక్కడ మీ కుట్టు దూరం ఎక్కువైంది. తర్వాత నిలువునా కోసి లోపలి నుంచి చూడండి. ఈ లోపలి నుంచి చూడడం చాలామంది చెయ్యరు, బయటికి అందంగా కనిపించే కుట్టు లోపల ఎంత అసహ్యంగా ఉంటుందో అక్కడే తెలుస్తుంది. లూప్స్ (కళ్లకి పెట్టుకునే భూతద్దాలు) కూడా ఫస్టియర్‌లోనే కొనేయండి, 2.5 రెట్లవి సరిపోతాయి, మొదట్లో మెడ నొప్పి పుడుతుంది, అలవాటైపోతుంది.

ఎంబోలెక్టమీ (ఆర్టరీలో ఇరుక్కున్న గడ్డ లాగి తియ్యడం) కూడా ఈ ఏడాదే వస్తుంది, రాత్రి పూటే వస్తుంది. 1960ల మొదట్లో ఫోగార్టీ ఆ బెలూన్ కాథెటర్ చేసేదాకా ఇలాంటి కాళ్లు చాలావరకు తీసెయ్యాల్సి వచ్చేది. చూడ్డానికి తేలిక పని, కానీ ఒక రూల్ ఉంది: బెలూన్ ఉబ్బించే చెయ్యి, కాథెటర్ లాగే చెయ్యి ఒకే మనిషివి అయ్యుండాలి. అసిస్టెంట్‌కి సిరంజి ఇచ్చి మీరు లాగితే ఆర్టరీ ఎంత బిగుసుకుందో ఆయనకి తెలియదు, ఎంత ఉబ్బించాడో మీకు తెలియదు, లోపలి పొర మొత్తం గీరుకొచ్చేస్తుంది. లాగుతూ ఉంటే బరువు మారుతుంది, దాన్నిబట్టి బెలూన్ కొంచెం తగ్గించడం, కొంచెం ఉబ్బించడం అంతా వేళ్లకే తెలియాలి. ఇంకోటి, చాలాసేపు రక్తం లేకుండా ఉన్న కాలికి రక్తం వదిలాక పిక్క గట్టిపడుతుందేమో పదినిమిషాలకోసారి నొక్కి చూడండి, అనుమానం వస్తే ఫేషియాటమీ (కండరాల మీది పొర కోసి వదులు చెయ్యడం) చేసెయ్యండి, నాలుగు కంపార్ట్‌మెంట్లూ, రెండు కోతలు. "రేపు చూద్దాం" అనే మాట ఇక్కడ పనికిరాదు.

అయిదో పని: సెకండియర్ అంతా వైరు, దాంతో పాటు రేడియేషన్

క్యాథ్‌ల్యాబ్‌లో మొదట పంక్చర్. కామన్ ఫెమోరల్‌ని (తొడ మొదట్లో ఉండే ఆర్టరీ) అల్ట్రాసౌండ్‌లో చూస్తూనే పొడవండి, "చేత్తో తెలుస్తుంది సార్" అనే హీరోయిజం వద్దు. మరీ పైన పొడిస్తే రక్తం కడుపు వెనక్కి పోయి బయటికి కనపడదు, మరీ కింద పొడిస్తే నొక్కడానికి వెనకాల ఎముక ఉండదు. తర్వాత వైర్లు, మందం అంగుళాల్లో: 0.035, 0.018, 0.014. ఏ వైరు మీద ఏ బెలూన్ పోతుంది, ఏ షీత్‌లో ఏది పడుతుంది అనేది స్టోర్ రూమ్‌లో నిలబడి ప్యాకెట్లు చదివి నేర్చుకోండి, ఒక మధ్యాహ్నం కూర్చుంటే చాలు. టేబుల్ మీద పేషెంట్ ఉండగా "సిస్టర్ ఇది పడుతుందా" అని అడిగే ఖర్మ ఉండదు, తెరిచి పారేసిన బెలూన్ ఖర్చు పేషెంట్ మీద పడదు. షుగర్‌తో పాటు కిడ్నీ కూడా దెబ్బతిన్నవాళ్లకి మామూలు రంగు మందు బదులు కార్బన్ డయాక్సైడ్‌తో యాంజియో చెయ్యడం తెలిసినవాళ్లు మీ దగ్గరుంటే వదలకండి, నేర్చుకోండి, డయాఫ్రం కింద మాత్రమే వాడాలన్నది మర్చిపోకుండా.

రేడియేషన్ గురించి మన దగ్గర నిర్లక్ష్యం ఎక్కువ. టీఎల్‌డీ బ్యాడ్జి (ఒంటి మీద పడే రేడియేషన్ కొలిచేది) డ్రాయర్లో పెట్టి లోపలికి పోయేవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. ఏఈఆర్‌బీ (రేడియేషన్ భద్రత చూసే కేంద్ర బోర్డు) రూల్ ప్రకారం మనలాంటివాళ్లకి అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. బ్యాడ్జి పెట్టుకోకపోతే ఎంత పడిందో ఎవరికీ తెలియదు, అంతే తేడా. ఏప్రన్, థైరాయిడ్ కాలర్, లెడ్ కళ్లద్దాలు మీ సొంతవి కొనుక్కోండి, డిపార్ట్‌మెంట్ ఏప్రన్‌లు మడతపెట్టి మడతపెట్టి లోపల పగిలి ఉంటాయి. సీఆర్మ్ (ఎక్స్‌రే మెషిన్) ట్యూబు టేబుల్ కింద ఉండాలి, డిటెక్టర్ పేషెంట్‌కి ఆనుకునేంత దగ్గరగా ఉండాలి, ఫీల్డు కావాల్సినంతే తెరవాలి. డీఎస్ఏ రన్ (రంగు మందు ఎక్కిస్తూ వరసగా తీసే ఎక్స్‌రేలు) తీసేటప్పుడు అక్కడే నిలబడి చూడనక్కర్లేదు, దూరం రెండింతలైతే డోసు నాలుగో వంతు అవుతుంది, రెండడుగులు వెనక్కి వెయ్యండి. ప్రెగ్నెన్సీ వచ్చిన అమ్మాయిలు ఆలస్యం చెయ్యకుండా డిపార్ట్‌మెంట్‌కి చెప్పండి, చెప్పిన దగ్గర్నుంచి కడుపులో బిడ్డకి లిమిట్ 1 మిల్లీసీవర్ట్, దానికి తగ్గట్టు పోస్టింగ్ మార్చడం వాళ్ల బాధ్యత, ఎవరో ఏదో అనుకుంటారని దాచొద్దు.

ఆరో పని: థర్డియర్

ఇప్పుడు చెయ్యాల్సింది, ఆపరేషన్ కంటే ముందు నిర్ణయం మీ నోటితో చెప్పడం. ఓపీలో ప్రతి పాదానికీ విఫై స్కోర్ రాయండి, అంటే పుండు ఎంత, రక్తం ఎంత తక్కువ, ఇన్ఫెక్షన్ ఎంత, ఒక్కోదానికి 0 నుంచి 3. రాసి, "నేనైతే ఇది చేస్తా" అని కేస్‌షీట్‌లో పెట్టి, తర్వాత సార్ ఏం చేశారో పక్కన రాస్కోండి. తేడా వచ్చినచోట అడగండి. మోకాలి పైన తీసెయ్యాల్సిన కాలు ఏది, ప్రయత్నించాల్సిన కాలు ఏది అనేది కూడా ఇందులోనే వస్తుంది, ముసలాయన మంచం మీద నుంచి ఏడాదిగా లేవకపోతే మూడు గంటల బైపాస్ ఆయనకి ఏం ఒరగబెడుతుందో ఇంట్లోవాళ్లతో కూర్చుని మాట్లాడటం కూడా ట్రైనింగే.

ఓపెన్ అయోర్టా దొరికిన ప్రతిసారీ ఎలాగైనా టేబుల్ దగ్గర ఉండండి. 1990లో పరోడీ అనే సర్జన్ బ్యూనస్ ఎయిర్స్‌లో స్టెంట్ గ్రాఫ్ట్ (అయోర్టా లోపల్నుంచి పెట్టే గొట్టం) పెట్టినప్పట్నుంచి పొట్ట తెరిచే అన్యూరిజం కేసులు ప్రపంచమంతా తగ్గుతూ వచ్చాయి, ఇప్పుడు ఓపెన్‌కి వచ్చేవి స్టెంట్ పట్టని కష్టమైనవి, లేదా ఇన్ఫెక్ట్ అయిన గ్రాఫ్ట్‌లు. అంటే తేలిక కేసుల మీద చెయ్యి తిరగకుండానే కష్టమైనవి చెయ్యాల్సిన తరం మీది. మీ దగ్గర ఇవి రాకపోతే హెచ్ఓడీని అడిగి ఎక్కువ వచ్చే సెంటర్‌కి నెల రోజులు రొటేషన్ వేయించుకోండి, చాలామంది ఒప్పుకుంటారు, ఎవరూ అడగరు కాబట్టి ఎవరూ పంపరు.

థీసిస్ మీ డిపార్ట్‌మెంట్‌లో ఎక్కువగా వచ్చే రోగం మీదే తీస్కోండి, ఫిస్టులాలు గానీ డయాబెటిక్ ఫుట్ గానీ. ఏడాదికి ఆరు వచ్చే రోగం మీద తీసుకుంటే సబ్మిషన్ ముందు నంబర్ల కోసం ఏడవాల్సొస్తుంది. వాస్కులర్ సొసైటీ ఆఫ్ ఇండియాలో మెంబర్‌షిప్ తీసుకుని యాన్యువల్ కాన్ఫరెన్స్‌లో పేపర్ చదవండి, అక్కడ పరిచయమయ్యేవాళ్లే రేపు ఫెలోషిప్‌కి మీ తరఫున మాట చెప్పేది.

ఏడో పని: ఎంసీహెచ్ అయ్యాక ఇంకా ట్రైనింగ్ కావాలా

అందరికీ అక్కర్లేదు. మీరు విజయనగరంలోనో కరీంనగర్‌లోనో ప్రాక్టీస్ పెట్టబోతున్నారనుకోండి, మీకు కావాల్సింది మోకాలి కింద బెలూన్ పని, పాదం దాకా బైపాస్, ఫిస్టులా పాడైతే దాన్ని బతికించడం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు కిడ్నీ పేషెంట్లు ఎంతమంది ఉన్నారో తెలిసిందే, పలాసలో 2023లో కిడ్నీ ఆస్పత్రి కూడా పెట్టారు, అలాంటి చోట ఫిస్టులా బాగా చేసే మనిషి విలువ ఫెనెస్ట్రేటెడ్ స్టెంట్ గ్రాఫ్ట్ (కొమ్మ ఆర్టరీల కోసం రంధ్రాలున్నది) వేసే మనిషి కన్నా ఎక్కువ. ఆ గ్రాఫ్ట్‌లు లక్షల్లో ఉంటాయి, పెద్ద సెంటర్ల వెలుపల అవి వేసే అవకాశం అరుదు. కాబట్టి ఆరు నెలలో ఏడాదో ఒక మంచి లింబ్ సాల్వేజ్ యూనిట్‌లో, మన దేశంలోనే, ఫెలోగా చెయ్యడం చాలు. పెద్ద ఊళ్లో పెద్ద సెంటర్‌లో అయోర్టా చేస్తానంటే అప్పుడు బయటికి వెళ్లడం గురించి ఆలోచించండి.

యూకే మనవాళ్లకి కాస్త తెరిచి ఉన్న తలుపు. అక్కడ వాస్కులర్ 2012లోనే జనరల్ సర్జరీ నుంచి విడిపోయి సొంత స్పెషాలిటీ అయింది. మీరు వెళ్లేది ఎక్కువగా క్లినికల్ ఫెలోగా. దానికి జీఎంసీ (అక్కడి మెడికల్ కౌన్సిల్) రిజిస్ట్రేషన్ కావాలి, ఎంఆర్‌సీఎస్ (అక్కడి సర్జన్ల కాలేజీల పరీక్ష) పాసైతే ప్లాబ్ (బయటి డాక్టర్లకి పెట్టే పరీక్ష) అక్కర్లేదు, ఇంగ్లిష్‌కి ఐఈఎల్‌టీఎస్‌లో మొత్తం 7.5, ఒక్కోదాంట్లో 7, లేదా ఓఈటీలో అన్నిట్లో బీ. ఎంటీఐ అనే స్కీమ్‌లో గరిష్ఠంగా రెండేళ్లు ఉండి నేర్చుకుని తిరిగొచ్చెయ్యాలి, దానికి రూల్స్ వేరు. ఎంఆర్‌సీఎస్ పార్ట్ ఏ ఎంఎస్‌లో ఉండగానే రాసేస్తే మంచిది, ఎంసీహెచ్ అయ్యాక బేసిక్ అనాటమీ మళ్లీ చదవాలంటే చిరాకు. ఉద్యోగానికి ఇంటర్వ్యూలో "ఎన్ని అసిస్ట్ చేశావ్" అని అడగరు, "ఏం నువ్వే చేశావ్, ఏం ఎవరైనా పక్కనుంటే చేస్తావ్" అని అడుగుతారు, అబద్ధం చెప్తే మొదటి వారంలోనే బయటపడుతుంది.

యూరోపియన్ బోర్డు పరీక్ష, ఎఫ్ఈబీవీఎస్, అందులో మోడళ్ల మీద మీతో కుట్టించి చూసి మార్కులు వేస్తారు, మేక అయోర్టా సాధన అక్కడ అక్కరకొస్తుంది. పాసైతే ఉద్యోగం ఇవ్వరు గానీ బయోడేటాలో బరువు. అమెరికా మాత్రం వేరే లోకం, మన ఎంసీహెచ్ అక్కడ లెక్కలోకి రాదు, బోర్డు సర్టిఫికెట్ కావాలంటే యూఎస్ఎంఎల్ఈ (అక్కడి లైసెన్స్ పరీక్ష) నుంచి మొదలుపెట్టి అక్కడి రెసిడెన్సీ చెయ్యాలి, అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ గానీ, జనరల్ సర్జరీ అయ్యాక రెండేళ్లు గానీ. ముప్పై అయిదేళ్లకి పిల్లలతో అక్కడికి పోయి మొదట్నుంచి మొదలుపెట్టాలనే ఓపిక ఉంటే సరే. నెల రోజుల అబ్జర్వర్‌షిప్ చేసి వచ్చి బోర్డు మీద "యూఎస్ఏ" అని రాయించుకోవడం మీద నా అభిప్రాయం అడక్కండి.

కాగితాల పని

ఇది ఎవరూ చెప్పరు, అందరూ తర్వాత తిరుగుతారు. ఫస్టియర్ మొదటి రోజు నుంచి లాగ్‌బుక్ ఎక్సెల్‌లో పెట్టండి: తేదీ, రోగం, ఆపరేషన్, మీరు ఫస్టా, సూపర్విజన్‌లోనా, అసిస్టా, 30 రోజులకి కాలు ఉందా, మనిషి ఉన్నాడా. పేషెంట్ పేరు పెట్టొద్దు, ఐపీ నంబర్ వేరే చోట దాచుకోండి. ప్రతి ఆర్నెల్లకీ ప్రింట్ తీసి హెచ్ఓడీ సంతకం, స్టాంపు వేయించుకోండి, మూడేళ్లదీ ఒకేసారి పట్టుకెళ్తే ఎవరూ పెట్టరు, ఈలోపు సార్ ట్రాన్స్‌ఫర్ అయినా రిటైర్ అయినా మీ పని గోవిందా. రిలీవ్ అయ్యే ముందు నెలలోనే ట్రైనింగ్ సర్టిఫికెట్‌లో చేరిన తేదీ, వదిలిన తేదీ, పోస్టు పేరు సరిగ్గా ఉన్నాయో చూస్కోండి, మార్క్స్‌మెమోలో మీ పేరు స్పెల్లింగ్ పాస్‌పోర్టుతో కలుస్తుందో లేదో కూడా. ఇంటిపేరు ఒక చోట ముందు, ఒక చోట పూర్తిగా, ఒక చోట ఒక్క అక్షరంగా ఉండి విదేశీ కౌన్సిల్ వెరిఫికేషన్‌లో నెలలు నెలలు ఆగిపోయిన ఫైళ్లన్నీ మన తెలుగువాళ్లవే, పైగా అది దిద్దించుకోవడానికి యూనివర్సిటీ చుట్టూ తిరగడం కన్నా పాస్‌పోర్టు మార్పించుకోవడమే ఒక్కోసారి తేలికవుతుంది, కాబట్టి ఎంఎస్ సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజే రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.